హంతకుడి ఎడమచెయ్యి

మా బావ లూయిస్ చేతిని వేలమంది పొగిడారు. ఆ చెయ్యి ఆయనదని మాత్రం ఒక్కరూ నమ్మలేదు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు, ఒళ్ళు మండి రాస్తున్నాను.

యానాంలో ఉత్త లూయిస్ అంటే ఎవరికీ తెలియదు. బాంబు లూయిస్ అంటే ఆటోవాళ్ళు తిన్నగా అడవిపొలం పేటకి తీసుకెళ్ళి ఇంటిముందు దింపుతారు. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. తప్పతాగి దీపావళి బాంబు చేత్తో పట్టుకుని కాల్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. పిల్లలు కూడా ఆయన్ని చూస్తే నోటితో 'ఢాం' అని పారిపోతారు. మా బావ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. మా అక్క ఆరోగ్యమ్మ మొగుడు గనక వెనకేసుకొస్తున్నానని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కానీ ఆ వేళ్ళు పోయిననాడు నేనక్కడే ఉన్నాను.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి నేను కాలేజీలో చదువుతున్నాను. మా బావ పేరున్న దర్జీ. 'డిటెక్టివ్ పరాంకుశం' అని ఒక టీవీ సీరియల్ తీయడానికి హైదరాబాదు నుంచి యూనిట్ వచ్చింది. గోదావరి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ నాటి పాత బంగళా ఒకటి వాళ్ళకు నచ్చింది. ఆ బంగళాలో ఒక్కొక్కళ్ళే హత్య అయిపోతుంటారు, పరాంకుశం వచ్చి కూపీ లాగుతుంటాడు. హంతకుడి మొహం చివరిదాకా కనబడదు. నల్లకోటు వేసుకున్న వీపు, రివాల్వర్ పట్టుకున్న చెయ్యి, అంతే. అదేదో గొప్ప ఎత్తుగడ అనుకునేరు. హంతకుడెవరో కథ రాసేవాడు అప్పటికింకా తేల్చుకోలేదు. ఏ నటుడి చెయ్యి చూపించినా తర్వాత కథ అటే పోవాలి కాబట్టి, ఎవరిదీ కాని చెయ్యి ఒకటి కావాలన్నారు.

ఆ నల్లకోటు సైజు చెయ్యడానికి మా బావని పిలిపించారు. ఆయన కోటు చేతులు సరిచేసి కుట్టి, సరిపోయిందో లేదో తనే వేసుకుని చూశాడు. డైరెక్టరు ఆయన పొడుగాటి వేళ్ళు చూసి, ఇది పట్టుకోవయ్యా అని రివాల్వర్ అందించాడు. మా బావది పుర్రచేతి వాటం. అన్నం తప్ప అన్నీ ఎడంచేత్తోనే. దాన్నీ ఎడంచేత్తోనే అందుకున్నాడు. హంతకుడికి ఎడంచేతి వాటం అలా వచ్చింది, అంతకుమించి అందులో లోతేమీ లేదు.

ఆ రివాల్వర్ కూడా అంతే. ఆర్టు డిపార్టుమెంటువాళ్ళు లేతు మిషన్ మీద ఇనపగొట్టం కోసి, అతికించి, నల్లరంగు పూసిన బొమ్మ. లోపల దీపావళి మందు కూరి ట్రిగ్గర్ నొక్కితే నిప్పూ పొగా వచ్చేవి. జమీందారుని చంపే సీను రోజు డైరెక్టరుకు పొగ సరిపోలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని మందు కూర్పించాడు. కెమెరా జమీందారు వేషం వేసినాయన మీద ఉంది. మా బావ ట్రిగ్గర్ నొక్కాడు, తుపాకీ చేతిలోనే పేలిపోయింది. ఆయన అరుపు జనంలో నిలబడి నేను విన్నాను. అన్నం క్యారేజీ పట్టుకుని అప్పుడే గేటు దగ్గరికి వచ్చిన మా అక్క క్యారేజీ అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

ఇక్కడే ఉంది అన్యాయం. జమీందారు వేషగాడు అనుకున్న ప్రకారం గుండె పట్టుకుని నోరు తెరిచి పడిపోయాడు. ఆ దృశ్యానికి మా బావ అరుపు అతికినట్టు సరిపోయింది. ఇంత సహజంగా ఎవడరుస్తాడు, ఉంచెయ్యండి అన్నాడట డైరెక్టరు. మర్నాటి నుంచి ఇంకెవడిదో కుడిచెయ్యి పెట్టి మిగతా హత్యలు కానిచ్చేశారు.

ఆస్పత్రికి వెళ్ళే జీపులో వాళ్ళ మేనేజరు మా బావ చెవిలో చెప్పాడు. తుపాకీ అంటే పోలీసు కేసవుతుంది, షూటింగ్ ఆగిపోతుంది, దీపావళి బాంబని చెప్పు, నీ పేరు టైటిల్స్‌లో వేస్తాం, వచ్చే సీరియల్లో మొహం కనబడే వేషం ఇస్తాం అని. మా బావ తన నోటితోనే డాక్టరుకి బాంబని చెప్పాడు. తాగి ఉన్నాడన్న ముక్క ఊరు కలిపింది. టైటిల్స్‌లో పేరు లేదు, వేషమూ లేదు. ఆ చేత్తో మళ్ళీ కత్తెర పట్టలేకపోయాడు. మా అక్క ఆ సీరియల్ ఈనాటికీ చూడలేదు. ఇంట్లో దాని పేరెత్తితే లేచి వెళ్ళిపోతుంది.

రెండేళ్ళ కిందట ఎవరో పాత టేపులు యూట్యూబ్‌లో పెట్టారు. దానికి అభిమానులు పుట్టుకొచ్చి ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మా ఆఫీసులో ఎవరో చెబితే నేనూ అందులో చేరి బావకి చూపించాను. అబ్బో, ఏం చర్చలు! అది వెబ్లీ రివాల్వర్ అని ఒకడు. వెబ్లీకి ఆ అతుకు ఉండదు, ఎక్కడో అరుదుగా చేసిన రకం అని ఇంకొకడు. ఆరు గుళ్ళ తుపాకీ ఏడుసార్లు ఎలా పేలిందని ఒక వారం కొట్టుకున్నారు. పరాంకుశం లెక్క తప్పేలా హంతకుడు కావాలనే చేశాడని తీర్పిచ్చుకుని శాంతించారు. మా బావ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఇవన్నీ అక్షరం వదలకుండా చదివేవాడు. "లేతు మిషన్ మీద గొట్టంరా బాబూ అది!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

శిరీష అనే అమ్మాయి రాసింది చదివినప్పుడు మాత్రం నవ్వలేదు. మొదట్లో ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి కాబట్టి హంతకులు ఇద్దరు, కవలలు, అది దర్శకుడి మేధస్సు అని ఆ అమ్మాయి పేజీలకు పేజీలు రాసింది. జనం చప్పట్లు కొట్టారు. ఇక జమీందారు అరుపంటే వాళ్ళకు ప్రాణం. దాన్ని కత్తిరించి ఫోన్లలో రింగ్‌టోన్ పెట్టుకున్నారు.

"రాయరా ఫ్రాన్సిస్," అన్నాడు బావ ఒకరోజు. "ఆ చెయ్యి నాదని రాయి. అరుపూ నాదేనని రాయి."

రాశాను. పళ్ళికిలించే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ప్రూఫ్ ఉందా అన్నారు. చివరికి గ్రూపు నడిపే సాయిసందీప్ అనే కాకినాడ కుర్రాడు, వచ్చే ఆదివారం షూటింగ్ స్పాట్ల మీద వీడియో తీయడానికి యానాం వస్తున్నాం, అంకుల్‌ని కూడా కలుస్తాం అని రాశాడు.

మా బావ ఆ వారమంతా నేల మీద లేడు. "ఒక్క మాట వేత్తే చాలురా. బాంబు కాదు, తుపాకీ అని. తాగలేదని. అది ఊళ్ళో నలుగురూ చూత్తే నాకింకేం అక్కర్లేదు," అన్నాడు. ఆదివారం చర్చిలో పూజ కాగానే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాకిట్లో కుర్చీలు వేయించాడు.

సందీప్, శిరీష వచ్చారు. మర్యాదస్తులే, కాదనను. ఆన్‌లైన్లో కొన్న నకిలీ రివాల్వర్ ఒకటి కూడా తెచ్చుకున్నారు. మా అక్క వాళ్ళకు కూల్‌డ్రింకులు తేవడానికి వీధి చివరి కొట్టుకు వెళ్ళింది. కెమెరా ముందు మా బావ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అంకుల్, హంతకుడు కాల్చేముందు వేలు రెండుసార్లు కోటుకి రాస్తాడు కదా. అది గిల్టీ ఫీలింగా?" అని శిరీష అడిగింది.

"చెమటమ్మా. జారిపోద్దని తుడుచుకున్నాను."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "అయితే రెండో హంతకుడు?"

"రెండోవాడు లేడమ్మా. నాకు వేళ్ళు లేవు, అంతే."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. నిజం వాళ్ళకు నచ్చలేదని నాకప్పుడే అర్థమైంది. రెండేళ్ళు కష్టపడి కట్టుకున్న కవలల్ని ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ వచ్చి చంపేస్తే ఎలా నచ్చుతుంది?

"మీరు తప్పుగా అనుకోకండి అంకుల్," అన్నాడు సందీప్. "బాంబు పేలినా వేళ్ళు అలాగే పోతాయి కదా. ఆస్పత్రిలో మీరే బాంబని చెప్పారంటున్నారు. ఫ్రాన్సిస్ అంకులేమో మీ బామ్మర్ది. ఒక పని చేద్దాం. ఒకసారి ఆ అరుపు అరవండి. ఒరిజినల్‌తో యాప్‌లో పోల్చి చూస్తాం."

వద్దు బావా అన్నాను. ఆయన వినలేదు. లేచి నిలబడి, చొక్కా సర్దుకుని అరిచాడు. గొంతు జీరపోయింది. ప్రహరీ అవతల నుంచి పక్కింటివాళ్ళు తలలెత్తి చూశారు.

"ఇంకొంచెం నొప్పి కావాలి అంకుల్," అంది శిరీష.

మళ్ళీ అరిచాడు. దగ్గొచ్చి మధ్యలో ఆగిపోయింది. సందీప్ ఫోన్ చూసి తల అడ్డంగా ఊపాడు. "మ్యాచ్ అవట్లేదు అంకుల్. ఒరిజినల్లో ఉన్న నేచురల్ ఫీల్ రావట్లేదు."

"మిగతా మూడువేళ్ళూ నరికెయ్యండి, నేచురల్‌గా వత్తాది!" అని అరిచాను నేను.

"మీరు ఎమోషనల్ అవుతున్నారు," అన్నాడు ఆ కుర్రాడు నెమ్మదిగా. అక్కడికక్కడే గ్రూపులో ఓటింగ్ పెట్టాడు. టీ తాగినంతసేపట్లో తేలిపోయింది. లూయిస్ అంకుల్ కాదు. హంతకులు ఇద్దరే.

"ఫీలవకండి అంకుల్. వీడియో చివర్లో 'ఊళ్ళో చెప్పుకునే కథలు' అని మీ బిట్ కూడా వేస్తాం. ఫన్‌గా ఉంటుంది," అంటూ శిరీష కెమెరా సంచిలో పెట్టి జిప్ లాగింది. మా బావ సరేనమ్మా అన్నాడు. ఎడమచెయ్యి మాత్రం కుర్చీ వెనక్కి దాచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు సందీప్ జేబులో ఫోన్ మోగింది.

ఆ అరుపు. ముప్పై ఏళ్ళ కిందట బంగళా దగ్గర నేను విన్నది. కూల్‌డ్రింకులు పట్టుకుని అప్పుడే గేటు తీస్తున్న మా అక్క చేతిలోంచి సీసాలు జారి భళ్ళున పగిలాయి. గాజుపెంకుల మీంచే పరిగెత్తుకొచ్చి, బావ ఎడమచెయ్యి లాక్కుని, రెండు చేతులతో తడుముతూ, "ఏమైందండీ? ఏదండీ చెయ్యి? నన్ను చూడనివ్వండి! ఫ్రాన్సిస్, జీపు పిలవరా!" అని కేకలు పెట్టింది. అడుగుల వెంట నేలమీద నెత్తురు.

సందీప్ ఫోన్ చెవిన పెట్టుకుని, "ఆ బ్రో, ఇక్కడ అయిపోయింది, బయల్దేరుతున్నాం," అంటూ గేటువైపు నడిచాడు. శిరీష మాత్రం ఆగి మా అక్కనే చూస్తోంది. ఆ అమ్మాయి చెయ్యి సంచి జిప్ మీదికి పోయింది. చెప్పు బావా, ఇప్పుడు చెప్పు అనుకున్నాను.

మా బావ ఆ అమ్మాయి వైపు చూడనేలేదు. కుడిచేత్తో మా అక్క తల నిమిరాడు.

"కాదే ఆరోగ్యం. నేను కాదు. ఆ అరిసింది ఎవరో యాక్టరంట."