పట్టుకోకపోతే అది ఆటెలా అవుతుంది?

మా బావగారు పోయారు. మా పెద్దక్క భర్త. పోయిన వారం పొద్దున్నే చద్దన్నం తింటూ, ఇంకో మిరపకాయ తెమ్మని అక్కకి చెప్పి, అది వచ్చేలోగా అరుగు మీదే పోయారు. మిరపకాయ చేత్తో పట్టుకుని అక్క చాలాసేపు అలాగే నిలబడిపోయింది. కబురు పడవల మీద గోదావరి లంకలన్నిటికీ వెళ్ళింది. సాయంత్రానికి మా రేవులో పడవ కట్టడానికి చోటు లేదు. జమీందారు పోయినప్పుడు కూడా అన్ని పడవలు రాలేదు, నేను చూశాను.

నాకు రాత అంతంత మాత్రమే. అయినా ఇంకెవడైనా రాస్తే ఏడుపుగొట్టుగా రాస్తాడు. ఆయన ఏడిపించే మనిషి కాడు.

గోదావరి ఈ పాయకీ ఆ పాయకీ మధ్య చెడుగుడులో ఆయనంత కూత ఉన్నవాడు పుట్టలేదు. మా బావ గనక ఇది నా గొప్ప కూడానూ. అవతలి జట్టులోకి వెళ్ళారంటే, పట్టుకున్నవాళ్ళని పట్టుకున్నట్టే ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేవారు. నాగలి పట్టినా నోట్లో కూతే. అది ఆగితే ఎద్దులూ ఆగేవి. ఆట ఉన్న రోజు గంజి తప్ప ఏమీ తినేవారు కారు. "కడుపు నిండితే ఊపిరికి చోటేదిరా?" అనేవారు. నేను మాత్రం తినే వెళ్ళేవాణ్ణి. "ఒరే బావమరిదీ, నువ్వు కూతకెళ్తే తేన్పొస్తాది గానీ కూత రాదు" అని పదిమందిలో ఆటపట్టించేవారు.

బలం చాలామందికి ఉంటుంది. ఆయన చేసిన ఇంకో పని చెబుతాను.

ఊరికి ఎడంగా ఒక పేట ఉంది. అంటకూడదని ఎడంగా పెట్టినవాళ్ళది. అక్కడి పోలయ్య కూత బావగారు ఒకనాడు చేలో విన్నారు. అప్పటికి ఆనకట్టా లేదు, కాలవలూ లేవు. ఎండాకాలం అందరికీ ఖాళీయే. గోదావరి ఇసక మీద లంక వాళ్ళతో పంతం పట్టి ఆట. చూద్దుము కదా, మా జట్టులో బావగారి పక్కన పోలయ్య నిలబడి ఉన్నాడు. మావాళ్ళే గొణిగారు. "ఊపిరికి కులమేంట్రా? కొందరికి పొడుగు, కొందరికి పొట్టి, అంతే" అన్నారాయన.

లంక పెద్ద అవతల నుంచి అరిచాడు. "ఏవండోయ్, వాణ్ణి మావాళ్ళు ముట్టుకోరండి!"

"ఆయ్, మానెయ్యమనండి. మాకు మరీ సుఖం!" అన్నారు బావగారు.

పోలయ్య కూతకి వెళ్ళాడు. ఇక చూడాలి ఆ తమాషా. అతను చెయ్యి చాపితే లంక వాళ్ళు కోళ్ళలా చెదిరారు. చెయ్యి తగిలితే ఆటలో చచ్చినట్టే, పైగా ఇంటికెళ్ళి తలస్నానం. తప్పించుకుందామని బరి దాటితే అదీ చావే. పట్టుకునేవాడు లేడు గనక పోలయ్య షికారు వచ్చినవాడిలా తిరిగి వచ్చేవాడు. ఒడ్డున ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

గెలుస్తున్నామని నేను గంతులేస్తున్నాను. బావగారి మొహం మాడిపోయింది.

"ఇదేం గెలుపురా? ఆ మనిషి ఆడ్డానికొచ్చేడు. పట్టుకునేవాడు లేకపోతే ఆడినట్టేనా?"

పోలయ్య కూడా తలెత్తకుండా ఇసక వైపే చూస్తున్నాడు.

లంక జట్టులో ఎద్దు మెడ మనిషొకడు ఉన్నాడు. ఆ జట్టుకి వాడే గోడ. ఒడ్డున నవ్వులు వాడికి ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. పోలయ్య మళ్ళీ కూతకి వెళ్ళేసరికి, "ఎంతసేపురా ఈ పరుగులు!" అంటూ ఒక్క దూకు దూకి నడుం పట్టేశాడు. ఇద్దరూ దబ్బున పడ్డారు. అది చూసి మిగిలినవాళ్ళూ మీద పడ్డారు. పోలయ్య కూత తెగింది.

మా మనిషి చచ్చాడు, కాసేపటికి ఆట కూడా పోయింది. బావగారు వెళ్ళి ఎద్దు మెడవాణ్ణి కావలించుకున్నారు. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పోలయ్య నడుం రుద్దుకుంటూ, "అబ్బ, ఏం పట్టండీ బాబూ!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

మర్నాడు ఊరి పెద్దలు కూచున్నారు. బావగారిని వెలి వేస్తామన్నారు. వెలి అంటే నిప్పు లేదు, నీళ్ళు లేవు, అక్క పుట్టింటి గడప తొక్కకూడదు. ఆ పూట అక్క పొయ్యి వెలిగించలేదు. బావగారు పైపంచె నడుముకి చుట్టి, చేతులు కట్టుకుని పెద్దల్లో పెద్దాయన ఎదుట నిలబడ్డారు.

"ఆయ్, తప్పకుండా వెయ్యండి. నన్నొక్కణ్ణే వేస్తే ధర్మం కాదు కదండీ. పొద్దున్నే ఇసక మీద మళ్ళీ ఆడేం. మీ పెద్దబ్బాయి పోలయ్య కాలు పట్టేడు. కరణంగారి అల్లుడుగారు జుట్టు పట్టేరు. జుట్టు పట్టడం తప్పండి, ఆయనకి మీరైనా చెప్పండి. ఊళ్ళో కుర్రాళ్ళంతా మీద పడ్డారు. అందర్నీ వేసేస్తే లోపల మీరు నలుగురే మిగుల్తారండి. అప్పుడు వెలి మాదో మీదో చూసుకోండి."

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు మోచేతికి ఇసక ఇంకా అంటుకునే ఉంది. వెలి మాట వదిలేసి సభ లేచిపోయింది. అక్క పొయ్యి వెలిగించింది.

ఊరు మారిపోయిందని అబద్ధం రాయను. బావి దగ్గర ఎడం ఎడంగానే ఉంది. దాని మీద బావగారు చివరిదాకా పోట్లాడారు, గెలవలేదు. "అన్నీ ఒక్క ఊపిరిలో అవుతాయేంట్రా?" అనేవారు. కానీ ఇసక మీద మాత్రం ఆ ఏటి నుంచీ ఎవరూ ఎవరినీ ఎడంగా నిలబెట్టలేదు.

నిన్న అక్క మమ్మల్నందర్నీ కసిరింది. "ఏడవడానికి నేనున్నాను గదా. మీరెళ్ళి ఆడండి. ఆయనకి వినపడాలి."

వెళ్ళాం. నేనూ పోలయ్యా ముసలివాళ్ళం గనక ఒడ్డున కూచున్నాం. నీరు తీసి ఇసక తడిగా, గట్టిగా ఉంది. పోలయ్య కొడుకు కూతకి వెళ్ళాడు. ఎద్దు మెడాయన కొడుకులు పట్టేశారు. వాళ్ళ మీద ఇంకొందరు, వాళ్ళ మీద ఇంకొందరు. తడి ఇసక పూసుకున్న కాళ్ళూ చేతులూ ఒకటే కుప్ప. ఏ చెయ్యి ఎవరిదో మా ఇద్దరికీ తెలియలేదు. ఆ కుప్ప అడుగు నుంచి కూత మాత్రం తెగకుండా వినిపిస్తూనే ఉంది.