లోపలి కుట్లు చూసిన టీచరమ్మ

"అమ్మ పొద్దుగాల పోయింది అక్కా" అని టీచరమ్మ కూతురు ఫోన్ చేసినప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. గుడ్డ సగంలో వదిలేసి శ్రీనగర్ కాలనీకి ఆటో ఎక్కాను. దారిపొడుగునా ఏడ్చాను. ఆవిడ ఉంటే "ఏడ్చుడు అయినంక పని చూస్కో" అనేవారు.

ఆవిడ ఆడపిల్లల సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఎనభైల చివర్లో తన ఇంట్లోనే, భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టి సాయంత్రాలు పాఠం చెప్పేవారు. వచ్చేవాళ్లంతా సినిమా వాళ్లమే. రేపో మాపో హీరో అయిపోతాననే భీమవరం కుర్రాడొకడు, ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు, నేను. నాది తెనాలి దగ్గర పల్లె. మోతీనగర్‌లో అద్దె గది, ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ కుట్టే షెడ్డులో పని.

నేను సరదాకి చేరలేదు. బొంబాయి నుంచి వచ్చిన డిజైనర్ ఒకాయన పాట కోసం తెచ్చిన గౌను నా ముందు పెట్టి, ఎలా ఉందని ఇంగ్లీషులో అడిగాడు. భుజం దగ్గర కుట్టు ఆగదని చూడగానే తెలిసింది. చెప్పడానికి మాట లేక "గుడ్ సర్" అన్నాను. మర్నాడు డాన్సు మధ్యలో భుజం చిరిగింది, షూటింగ్ ఆగింది, చూసి కూడా చెప్పలేదని తిట్లన్నీ నాకే పడ్డాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పొమ్మన్నారు.

ఈ కథంతా విని టీచరమ్మ నవ్వలేదు, జాలీ పడలేదు. "ఈడ గుడ్డు, బ్యాడు అన్న మాటలు బంద్" అన్నారు, అంతే.

ఆవిడ పద్ధతే వేరు. వారానికో వస్తువు బల్ల మీద ఉండేది. ఒకసారి పాత గొడుగు, ఒకసారి బంగినపల్లి మామిడిపండు. గుడ్డు, బ్యాడుల బదులు నాలుగు ఇంగ్లీషు మాటలతో దాని గురించి మేం చెప్పాలి. కూర్చున్నచోటి నుంచి చెప్పే ఉజ్జాయింపు ఎస్టిమేట్. చేతిలోకి తీసుకుని అన్ని వైపులా చూశాక అసెస్. ఏ పనికి చేశారో ఆ పనికి నిలుస్తుందా అని తేల్చితే ఎవాల్యుయేట్. మంచి ఎక్కడుందో గుర్తుపట్టి ఆ మాట పైకి అంటే అప్రిషియేట్. మా భీమవరం కుర్రాడు కుర్చీలోంచి లేవకుండానే గొడుగు బ్రహ్మాండం అనేశాడు. తెరిచి చూస్తే రెండు ఊచలు లేవు. "నువ్వు గిట్లనే సినిమా కథలు గిన ఒప్పుకుంటవా బిడ్డా?" అన్నారు టీచరమ్మ. వాడే ముందు నవ్వాడు.

నేను మాత్రం నోరు విప్పేదాన్ని కాదు. అలా ఉండగా ఒకరోజు నాతో ఓ జాకెట్టు కుట్టించుకున్నారు. తరవాతి వారం క్లాసుకి వెళితే అదే జాకెట్టు బల్ల మీద ఉంది. ఎవరు కుట్టారో ఆవిడ చెప్పలేదు. నా వంతు రాగానే, వేరేవాళ్లు అనేలోపు నేనే అనేద్దామని, హుక్కు వదులు, చేతి అంచు వంకర అని వచ్చీరాని ఇంగ్లీషులో తప్పులన్నీ ఏకరువు పెట్టాను.

"తప్పులు పట్టుడు సగం పనే. జర లోపలికి తిప్పి చూడు" అన్నారు.

తిప్పాను. అంచులన్నీ మడిచి, పోగు బయటికి రాకుండా రెండోసారి కుట్టి ఉన్నాయి. మా అమ్మ నేర్పిన పద్ధతి అది.

"ఎవ్వరు చూడని కాడ గింత శ్రద్ధ పెట్టినామె నోరు తెరిచెటందుకు ఎందుకు భయపడ్తది?"

"ఇన్‌సైడ్ ఈజ్ నీట్. ఐ మేడ్ ఇట్" అన్నాను. నా పని బాగుందని నేను పైకి అనడం అదే మొదలు.

ఆర్నెల్లకు అదే డిజైనర్ ఇంకో గౌనుతో వచ్చాడు, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి దాన్ని లోపలికి తిప్పి, వెలుతురులో పట్టుకుని చూశాను. పూసల పని చాలా అందంగా ఉందని, భుజం మాత్రం డాన్సుకి ఆగదని, భోజనాల వేళకల్లా సరిచేసి ఇస్తానని ఇంగ్లీషులోనే చెప్పాను. ఆయన గౌను నా చేతికిచ్చాడు. పాట పూర్తయ్యేదాకా ఒక్క పోగు కదల్లేదు.

పరిగెత్తుకెళ్లి టీచరమ్మకు చెప్పాను.

"ముందు మంచి చెప్పినవా, చెడు చెప్పినవా?"

"ముందు మంచే చెప్పానండీ."

"గట్లయితే పాసైనవ్. చాయ్ తాగు."

ఇప్పుడు ఆ షెడ్డులో తయారైన ప్రతి బట్టా నేను సరే అన్నాకే షూటింగుకి వెళుతుంది. నా దగ్గర నలుగురు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. తమ కుట్టులో బాగున్నది ఏదో పైకి చెప్పందే వాళ్లను తప్పుల జోలికి పోనివ్వను. మొదట్లో సిగ్గుపడతారు, తరవాత నా కుట్టులో బాగున్నదేంటో చెప్పమని నన్నే నిలదీస్తారు. ఈ చదువు టీచరమ్మ పెట్టిన భిక్ష.

ఆవిడ పోయిన రోజు ఇల్లంతా జనం. నిలబడలేక పెరట్లోకి నడిచాను. టీచరమ్మ కూతురు నా వెనకే వచ్చింది. "అమ్మ నిన్ననే ఉతికి ఆరేసింది అక్కా. ఎన్ని కొత్తవి కుట్టించినా గదే తొడుక్కునేది" అంటూ తీగ వైపు చూపించింది.

ఆ జాకెట్టే. ఎండకు రంగు పోకుండా తిరగేసి ఆరేశారు. లోపలి కుట్లన్నీ ఎండలో కనిపిస్తున్నాయి. దగ్గరికెళ్లి అంచు వెంట వేలు పోనిచ్చి చూశాను. గుడ్డ పలచబడింది. కుట్టు ఒక్కటీ వదల్లేదు.