ఏడో అంతస్తులో చంద్రుడి పని

ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ లిఫ్టు బాబాయ్ అనే పిలుస్తారు. "సగం ఊరిని పైకి పంపినవాణ్ణి" అని గొప్పగా చెప్పుకుని, ఆనక నాలిక కరుచుకునే రకం. తను మాత్రం ఏడో అంతస్తు దాటి ఎరగడు. డ్యూటీ స్టూలు మీద, సెలవు మంచం మీద.

ఓ రోజు ఆ లిఫ్టులోనే ఒక కాగితం అతికించారు. చంద్రుడి మీదికి వెళ్ళేవాళ్ళ కోసం పరీక్ష, ఆరోగ్యవంతులు కావాలి, రెండు నెలలు పడుకోవడమే పని. ఇన్నాళ్ళకి లోకం తన విద్యను గుర్తించిందనుకున్నాడు బాబాయ్.

"చంద్రుడి మీదికి ఇదివరకే మనుషులు వెళ్ళొచ్చారుగా, మళ్ళీ ఏం పోయిందట అక్కడ?" అంది భార్య.

"పుట్టింటికి ఒకసారి వెళ్ళొచ్చానని నువ్వు మళ్ళీ వెళ్ళడం మానేశావా? ఈసారి వాళ్ళు నాలుగు రోజులు ఉండి రావాలిట."

తీరా ఏడో అంతస్తులో చేరాక తెలిసింది, ఇది తనకొచ్చిన పడక కాదని. మంచం తలవైపు పల్లం, కాళ్ళవైపు ఎత్తు. తిండీ స్నానమూ తక్కినవన్నీ పడుకునే. ఆ తక్కినవాటి కోసం నర్సమ్మ బెడ్‌పాన్ తెచ్చిన మొదటి రోజు, బాబాయ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, అలా చేస్తే ఆవిడకి తను కనపడనట్టు. తల పల్లంలో ఉండేసరికి మొహం బూరెలా ఉబ్బింది. ఒక భుజమైనా ఎప్పుడూ పరుపుకి ఆని ఉండాలి. ఒక్కసారి లేచి కూర్చున్నాడో, అన్నాళ్ళ శ్రమా బూడిదలో పోసినట్టే.

"చంద్రుడి దారిలోనైనా, ఇలా పడుకున్నా కాళ్ళ మీద బరువు ఆనదు, ఎముకలు గుల్లబారతాయి. దానికి విరుగుడు దొరికితే అక్కడ దిగినవాళ్ళు నిలబడతారు. కింది వార్డులో మంచం పట్టినవాళ్ళకీ పనికొస్తుంది" అంది డాక్టరమ్మ. కింది వార్డు వాళ్ళని చక్రాల కుర్చీల్లో రోజూ దింపేది బాబాయే. ఆ మాట విన్నాక వీపు మంట పెట్టినా కిక్కురుమనలేదు.

అంతా బాగానే ఉంది. రెండో నెల సగంలో మామగారు వచ్చారు.

ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పట్టపగలు పడుకున్నవాడు రోగో దొంగో అయ్యుండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన చేతికర్ర చప్పుడు వింటే చాలు, అల్లుడు స్ప్రింగులా లేచి నిలబడతాడు. ఓసారి అలా లేచిన ఊపుకి చుట్టుకున్న తువ్వాలు మంచం మీదే ఉండిపోయింది.

ఇప్పుడూ వరండాలో టక్, టక్. బాబాయ్ చేతులు వాటంతటవే మంచం పట్టీని పట్టుకున్నాయి. ఒక భుజం లేచింది. రెండోది లేవబోయింది.

"బాబాయ్!" నర్సమ్మ కెవ్వుమంది.

ఆగిపోయాడు. గుమ్మంలో మామగారు.

"క్షమించండి మావయ్యగారూ. లేవను."

"లేవలేవా? లేవవా?"

"లేవనండీ." పెళ్ళయ్యాక ఆయనకి చెప్పిన మొదటి 'కాదు' అది. "నేనిప్పుడు లేస్తే, రేపు చంద్రుడి మీద దిగినవాడు లేవలేకపోవచ్చు."

మాస్టారు ఉబ్బిన ఆ మొహాన్నీ, పట్టీ మీద తెల్లబడిన వేళ్ళనీ చాలాసేపు చూశారు. తర్వాత కర్ర గోడకి ఆనించి, చెప్పులు విడిచి, పక్కన ఖాళీగా ఉన్న ఏటవాలు మంచం మీదికి మెల్లగా ఒరిగారు.

"ఇదేమిటయ్యా, రక్తమంతా తలకెక్కుతోంది!"

"అదేనండీ ఇక్కడ పని."

"రెండు నెలలా?"

"ఇంకొన్నాళ్ళే."

"ఊఁ" అన్నారు మాస్టారు. డ్రిల్లులో ఎవరైనా తప్పు లేకుండా చేస్తే ఆయన అనే మాట అదొక్కటే. అల్లుడు ఆ మాట వినడం ఇదే మొదలు.

కాసేపటికి ఉతికిన బట్టల సంచితో బాబాయ్ భార్య వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "నాన్నా! పట్టపగలు పడుకున్నావేంటి?"

మాస్టారు కళ్ళు తెరవలేదు. "గట్టిగా మాట్లాడకు. డ్యూటీలో ఉన్నాం."