బటన్‌కో చెప్పుల జత

సోమవారం పొద్దున సహకార సంఘం వరండాలో, గోడకు బిగించిన టీవీ మీద మొదట పడాల్సింది హన్మవ్వ పేరు. లోపల కంప్యూటర్ ముందున్న జమున ఆ పేరున్న బటనే నొక్కింది. బస్తాలు మోసే లింగం టీవీ వైపు చూసి గొంతెత్తి చదివాడు.

“బీరయ్యా!”

జమున ఉలిక్కిపడింది. రెండో బటన్ నొక్కింది.

“మళ్ల బీరయ్యనే!”

పరీక్షకని పెట్టిన ముప్పై పేర్లకు ముప్పై బటన్లు. ఏది నొక్కినా బీరయ్యే. వరండా అంతా నవ్వులు. హన్మవ్వ నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఏందిరా బీరిగా, ఆ మిషన్‌కు ఏం తినిపిచ్చినవ్? పొద్దటి సంది నీ పేరే కలవరిస్తున్నది.”

“నాకేం ఎరుక అవ్వా? జాబితాల ఆఖరు పేరు నాది. దానికి నేనే నచ్చిన.”

సంఘం సెక్రెటరీ లక్ష్మణ్ నవ్వలేదు. జమున కుర్చీ పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. “గురువారం యూరియా లారీ వస్తది. అప్పటి వరకు సక్కగైతే నీ తెర పెడదాం. కాలేదంటే చెప్పుల లైనే నడుస్తది. ఏమనుకోకు బిడ్డా.”

చెప్పుల లైను అంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. లారీ వచ్చే రోజు తెల్లవారకముందే రైతులు వచ్చి, గేటు నుంచి వరుసగా చెప్పులు విడిచి, ఎండ పడని చోట కూర్చుంటారు. మనిషి బదులు చెప్పులు నిలబడతాయి. నిరుడు వానాకాలం జమున తల్లి గాంగి కూడా ఎల్లారెడ్డి అవతలి తండా నుంచి నడిచి వచ్చి అలాగే పెట్టింది. మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఎవరి కాలు తగిలిందో, చెప్పులు మోరీ నీళ్లలో ఉన్నాయి. “చెప్పులు లేవు, నంబరెక్కడిది?” అన్నారు వెనకవాళ్లు. ఆ రోజు ఆమె ఉత్త చేతులతో, తడి చెప్పులతో ఇంటికి పోయింది. సంఘంలో ఆపరేటరుగా చేరి నెలైనా కాని జమున కిటికీలోంచి అంతా చూసింది.

ఆ మర్నాడే మొదలుపెట్టింది. డిగ్రీలో ఆమె చదివింది కామర్స్. ప్రోగ్రామింగ్ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. సంఘంలో పని తగ్గే మధ్యాహ్నాల్లో, నాలుగు నెలలు, ఒక్కో అక్షరం కొట్టుకుంటూ తెర మీద ఒక విండో తయారు చేసింది. పొద్దున రైతులు పేర్లు రాయిస్తారు. పేరుకో బటన్ పుడుతుంది. వంతు వచ్చినప్పుడు నొక్కితే వరండా టీవీ మీద ఆ పేరు పెద్దగా పడుతుంది. అంతే. ఆ అంతే దగ్గరే ఆగిపోయింది.

సోమవారం సాయంత్రం తెరను ఫోన్‌తో వంకరగా ఫోటో తీసి, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల ఆన్‌లైన్ గుంపు ఒకదానిలో పెట్టింది. ‘నా బటన్లు పని చేయడం లేదు, సాయం చేయండి’ అని రాసింది. ఒకరు ‘ముందు పుస్తకం చదువు’ అన్నారు. ఇంకొకరు ‘పని చేయకపోవడమంటే ఏమిటి?’ అన్నారు. జమునకు మనసు చివుక్కుమంది.

మంగళవారం సెలవు పెట్టి కామారెడ్డి బస్సెక్కింది. అక్కడ యాకూబు సార్ పాతికేళ్లుగా చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు. ఆమె టైపింగ్ నేర్చుకున్నది అక్కడే. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి పోయింది.

“సార్, నాది పని చేస్తలేదు.”

“బేటా, దవాఖానకు పోయి ‘బాగలేదు’ అంటే డాక్టరు ఏం గోలీ ఇస్తడు? నొప్పి ఏడనో చెప్పాలె గద. ఒకటి చెప్తున్న విను, నువ్వు రాసే ఈ భాష నాకు రాదు. మేం నేర్చుకున్న కాలంల ఇది లేదు. కానీ ఎట్ల అడగాల్నో వస్తది. ఏమైతదనుకున్నవ్? ఏమైంది? ఎంత చిన్నగ చేసినా గదే అయితదా?”

“చిన్నగ అంటే?”

“ముప్పై మంది ఎందుకు? ముగ్గురిని పెట్టు. టీవీ తీసెయ్. రంగులు తీసెయ్. ఇగ తీస్తే తప్పు పోతది అనేదాక తీస్కుంట పో.”

వెంట తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ సెంటర్ కంప్యూటర్‌కు పెట్టి, జమున తీస్తూ పోయింది. నాలుగు నెలల కష్టం నుంచి పేజీలకు పేజీలు తీసేస్తుంటే మొదట ప్రాణం ఉసూరుమంది. చివరికి పది వరుసలు మిగిలాయి. మూడు బటన్లు: హన్మవ్వ, లింగం, బీరయ్య. ఏది నొక్కినా బీరయ్య.

“దొరికింది!” యాకూబు సార్ బల్ల చరిచాడు. “దొంగ ఈ పది ఇండ్లల్లనే ఉన్నడు. ఇప్పుడు అడుగు.”

ఈసారి ఫోటో పెట్టలేదు. పది వరుసలూ పెట్టి రాసింది: ‘మొదటి బటన్ నొక్కితే హన్మవ్వ పేరు రావాలి. బీరయ్య పేరు వస్తోంది. మూడింటికీ చివరి పేరే వస్తోంది. ఎందుకు?’

చాయ్ సగం తాగేలోపే జవాబు వచ్చింది. ముఖం తెలియని మనిషి ఎవరో ఒక వరుస సరిదిద్ది, కింద రాశారు: ‘బటన్ నొక్కాక పేరు వెతుక్కుంటోంది. తయారు చేసేటప్పుడే దాని పేరు దానికి ఇచ్చేయండి. ప్రశ్న బాగా అడిగారు.’

ఆ చివరి మాట జమున రెండుసార్లు చదువుకుంది.

“ఏమన్నరు?” అన్నాడు సార్.

ఆమె తలెత్తింది. గుమ్మం బయట విడిచిన చెప్పుల వైపు చూసింది. ఒక పిల్ల క్లాసు ముగించుకుని మాట్లాడుతూనే బయటికి వచ్చి, కిందికి చూడకుండానే తన చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

“సార్, లైన్ల చెప్పులు ఎప్పుడు పెడ్తం? వచ్చినప్పుడే గద. నేనేం చేసిన్నంటే, ఏ బటన్‌తోని చెప్పులు పెట్టియ్యలే. ‘నొక్కినప్పుడు పోయి, గేటు కాడ ఎవరున్నరో చూసి పిలువు’ అన్న. అందరు వచ్చి పోయినంక గేటు కాడ మిగిలేది ఎవరు? ఆఖరుకు వచ్చిన బీరయ్యన్న! అందుకే ఏది పోయినా ఆయన్నే పట్టుకొస్తున్నది.”

“మరిప్పుడు?”

“పుట్టినప్పుడే దేని చెప్పులు దానికి ఇస్త.”

వరుస మార్చింది. మొదటి బటన్ నొక్కింది. హన్మవ్వ. రెండోది. లింగం. మూడోది నొక్కి, బీరయ్య పేరు చూసి పకపకా నవ్వింది.

యాకూబు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “పాతికేండ్ల సంది చెప్తున్న. ఇయ్యాల నాకే పాఠం చెప్పినవ్ బేటా. రేపు మా పిల్లలకు గిదే చెప్త, చెప్పులు సూపిచ్చి.”

గురువారం లారీ వచ్చింది. నూట పన్నెండు పేర్లు. గేటు ముందు నేల మీద ఒక్క చెప్పు లేదు. జనం గోడ నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నమ్మకం కుదరక అప్పుడప్పుడు గేటు వైపు చూస్తున్నారు. జమున మొదటి బటన్ మీద వేలు పెట్టింది. నొక్కింది.

“హన్మవ్వా!” అని అరిచాడు లింగం.

“ఉన్న, ఉన్న! జర ఆగు.” ముసలావిడ లేస్తూ లేస్తూ బీరయ్య తల మీద ఒక్కటి మొట్టింది. “నీ సోకు అయిపోయిందిరా.”

నలభై ఒకటో పేరు పిలిచినప్పుడు లింగం కొంచెం ఎక్కువగానే అరిచాడు. “దేగావత్ గాంగీ! మన జమున వాళ్లమ్మా!”

గాంగి టపటపా చెప్పులు చప్పుడు చేస్తూ వచ్చింది. బస్తా కోసం గోదాము వైపు పోకుండా ముందు కిటికీ దగ్గర ఆగింది. ఆమెకు చదువు రాదు.

“దీంట్ల నా నంబరు ఏడ పెట్టినవే?”

“గిదో యాడీ, ఇక్కడ.” జమున తెర కిటికీ వైపు తిప్పింది.

గాంగి ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి, తన పేరున్న బటన్‌ను వేలి కొసతో తడిమింది. వెనకవాళ్లు తొందరపెడుతున్నా కదల్లేదు.

“గింతేనా? గింత చిన్నగనా?” అంది, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా. “నాలుగు నెలలు కూసున్నవ్, అమ్మ పేరు జర పెద్దగ రాయరాదే?”

లక్ష్మణ్ సార్‌తో సహా అందరూ నవ్వారు. గాంగి నవ్వలేదు. కూతురు ముఖంలోకి ఒకసారి నిండుగా చూసి, చెప్పులు ఇంకా గట్టిగా చప్పుడు చేసుకుంటూ గోదాము వైపు నడిచింది.