అవ్వ పిలిచే పేర్లు

మా అపార్టుమెంటు పక్కనున్న ఖాళీ జాగాలో మొన్న స్లాబు పోశారు. మర్నాడు దాని మీద ఇసుకతో చిన్న చిన్న కట్టలు వేసి నీళ్లు నిలబెట్టారు. నాగోల్ మెట్రో వైపు నుంచి వీచిన గాలికి ఆ తడి సిమెంటు వాసన నా వంటింట్లోకి వచ్చింది. కొత్త ఇంటి వాసన అని మురిసిపోయేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

నా చిన్నతనంలో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు ఏ మూలకు పోయినా ఇదే వాసన. జొన్నచేలు ప్లాట్లుగా మారుతున్న రోజులవి. హద్దురాళ్ల మధ్య పచ్చగా పూసిన తంగేళ్లు, తెల్లగా ఊగే గునుగు, ఇటుక కుప్పలు, ఇసుక దిబ్బలు, వాటి నడుమ గోడలు లేచి తలుపులు రాని ఇళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ ఇళ్లల్లోంచి గాలి దూసుకుపోతుంటే ఎవరో లోపల నిట్టూరుస్తున్నట్టే ఉండేది. ప్రతి ఇంటి ముందూ కోరలున్న దిష్టిబొమ్మ ఒకటి వేలాడుతూ మమ్మల్ని గుడ్లురిమి చూసేది. అయినా మా దాగుడుమూతలన్నీ అక్కడే. కిటికీ కన్నాల్లోంచి దూరి, మెట్ల కింద నక్కి, మోచేతుల నిండా సిమెంటు పూసుకుని ఇంటికొస్తే అవ్వ చేతిలో వీపు చిట్లేది.

అవ్వంటే సత్తెమ్మవ్వ. చుట్టూ పొలాలన్నీ అమ్ముడుపోయినా తన పెంకుటింటిని మాత్రం అమ్మనని మొండికేసిన రైతుల ఇంటి ఆడమనిషి. భర్త లేడు, కన్న బిడ్డలు పురిట్లోనే పోయారు. నేను ఆమె మనవరాలిని కాను. దిక్కులేని పిల్లల్ని చేరదీసే హోం ఒకటి మాలాంటి కొందరిని ఇళ్లల్లో ఉంచి పెంచేది. ఊహ తెలియని వయసులో నన్నలా అవ్వ ఒళ్లో పెట్టారు. నాకంటే ముందే అక్కడ యాదగిరన్న, సుగుణక్క ఉన్నారు. వానాకాలం సాయంత్రాలు అవ్వ గిన్నెకు సర్వపిండి తట్టి, అంచు మాడిన ముక్క నాకు, మెత్తటిది తనకు అని పంచేది. పంచుతూనే తిట్టేది, తిడుతూనే తల దువ్వేది. ఆమె చేతికి ఎప్పుడూ వెల్లుల్లి, కొబ్బరినూనె కలిసిన వాసన.

ఆ ఇంట్లో నాకు భయమనిపించేది ఒక్కటే. ఎవరికైనా పద్దెనిమిదేళ్లు నిండితే హోం సారు స్కూటరు మీద వచ్చేవాడు. ఎక్కడో ఒక పని, పడుకోను ఒక చోటు చూసి, రేకుపెట్టెతో సహా తీసుకెళ్లి దింపేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, వచ్చినప్పుడల్లా నాకు చాక్లెట్టు ఇచ్చేవాడు. కానీ వెళ్లేవాళ్లకు గట్టిగా చెప్పేవాడు, "ఇంక ఇక్కడికి రావద్దు, వస్తే పని మీద మనసు నిలవదు" అని. యాదగిరన్న అలాగే వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు.

అవ్వకు అమావాస్య నియమం ఉండేది. మిగతావాళ్లు ఏడాదికోసారి పెత్రమాసకు పెద్దల్ని తలుచుకుంటే, ఆమె ప్రతి అమావాస్యకూ తలుచుకునేది. మిట్టమధ్యాహ్నం వెనక ప్రహరీగోడ మీద మోదుగాకు విస్తరి పరిచి, అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర వడ్డించి, కాకుల కోసం ఎదురుచూస్తూ పేర్లు పిలిచేది. మొదట భర్త పేరు, తర్వాత అత్తమామల పేర్లు. పేరు పెట్టకుండానే పోయిన పిల్లల్ని "బిడ్డలారా" అనేది. ఆ తర్వాత, అదే గొంతుతో, "యాదగిరీ, రా బిడ్డా, తిని పో" అనేది.

ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఇంట్లోకి పారిపోయేదాన్ని. అందరూ చనిపోయినవాళ్లే అయినప్పుడు యాదగిరన్న కూడా చనిపోయినట్టే కదా! ఆ ఉగాది దాటాక సుగుణక్క వంతు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టలు కుట్టే షాపులో పని, షాపు వెనక గదిలో పడక. వెళ్లేటప్పుడు ఆమె నా జడకు తన రిబ్బను కట్టి వెనక్కి చూడకుండా స్కూటరు ఎక్కింది. తర్వాతి అమావాస్యకు గోడ దగ్గర ఇంకో పేరు చేరింది. "సుగుణా, రా బిడ్డా." పద్దెనిమిది నిండటమంటే చావడమేనని నేను ఖాయం చేసుకున్నాను. నాకూ నిండుతాయి, నన్నూ ఆ స్కూటరు తీసుకెళుతుంది, నా పేరూ ఆ గోడ మీద కాకులకు వినిపిస్తుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే అవుననేస్తారేమోనని భయం.

వానలు మొదలయ్యాక గోడకు అవతల ఇంటి పని సగంలో ఆగి మళ్లీ మొదలైంది. ఆ ఇల్లు గుంటూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మది. ఒకనాడు ఆమె గొడుగు పట్టుకుని వచ్చి అవ్వను నిలదీసింది.

"ఏమ్మా, మా ఇంట్లో ఎవరో తిరుగుతున్నారంటున్నాడు మేస్త్రీ. పొద్దున వచ్చేసరికి పొయ్యిరాళ్లు వెచ్చగా ఉంటున్నాయట. నిజమేనంటావా?"

"పిల్లులు గావచ్చమ్మా" అంది అవ్వ.

"పిల్లులు పొయ్యి వెలిగిస్తాయా!" అని ఆమె ఇంకా పెద్ద దిష్టిబొమ్మను తెప్పించి కట్టించింది. నాకు మాత్రం తెలుసు, అవి పిల్లులు కావు. ఆ గోడ వైపు నుంచి ఎవరో సన్నగా బతుకమ్మ పాట కూనిరాగం తీయడం రెండు మూడుసార్లు విన్నాను. గొంతు సుగుణక్కదే. చనిపోయినవాళ్లు పాడతారని అప్పటిదాకా నాకు తెలియదు.

శ్రావణ అమావాస్య నాడు అవ్వ పిలిచి లోపలికి వచ్చాక నేను మెల్లగా వెళ్లి చూశాను. విస్తరి ఖాళీగా ఉంది. కాకులు తింటే మెతుకులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఇక్కడ ఒక్క మెతుకు లేదు, విస్తరి సగానికి మడిచి ఉంది. పరుగున వెళ్లి చెబితే అవ్వ, గాలికి మడతపడి ఉంటుందని కసిరింది. కానీ ఆ రాత్రి ఆమె అన్నం కలిపి తినకుండా కూర్చుంది.

ఆపైన పెత్రమాస వచ్చింది. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ కూడా. పొద్దున్నే నేను ప్లాట్లల్లో తిరిగి ఒడినిండా తంగేడు, గునుగు కోసుకొచ్చాను. ఇంట్లో గారెలు వేగుతున్నాయి, బెల్లం పాశం ఉడుకుతోంది. అమావాస్యకు మేస్త్రీలు పనికి రారు కాబట్టి చుట్టుపక్కల సుత్తి చప్పుడు కూడా లేదు. అవ్వ విస్తరి వడ్డించి పేర్లు పిలిచింది. ఈసారి లోపలికి రాలేదు. నా నోరు చేత్తో మూసి, చింతచెట్టు చాటున నిలబడింది. తలుపులు లేని ఇంట్లోంచి ఒక చెయ్యి వచ్చి విస్తరిని గోడ మీద నుంచి తీసుకుంది. కాసేపటికి ఖాళీ విస్తరి తిరిగి వచ్చింది, చక్కగా మడిచి. ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి కూడా పెట్టింది ఆ చెయ్యి. నేను కళ్లు మూసుకున్నాను. అవ్వ మాత్రం నా నోటి మీది చెయ్యి తీసేసింది.

"సచ్చినోళ్లు ఇస్తారి మడుస్తరా?" అంది, నాతో కాదు, తనతోనే. కొంగు నడుముకు చెక్కి, గోడ పక్క సందులోంచి ఆ ఇంట్లోకి నడిచింది. నేను కొంగు పట్టుకుని వెనకే వెళ్లాను. లోపల నీడ, తడి, సిమెంటు వాసన. మెట్ల మీద నీళ్లల్లో తడిసిన పాదాల గుర్తులు. పైన సిమెంటు బస్తాల వెనక, మోకాళ్లకు తల ఆనించి, చింపిరి జుట్టుతో సుగుణక్క కూర్చుని ఉంది. దెయ్యంలా లేదు. ఆకలిగొన్న మనిషిలా ఉంది.

షాపు యజమాని గది ఖాళీ చెయ్యమన్నాడట. ఇంటికి రావద్దని సారు చెప్పాడు కదా. వస్తే హోం వాళ్లకు కోపమొచ్చి నన్ను కూడా అవ్వ దగ్గర నుంచి తీసుకుపోతారని భయపడిందట. మేస్త్రీలు రాకముందే లేచి పని వెతుక్కోవడానికి పోయేది, చీకటి పడ్డాక వచ్చి పడుకునేది. అమావాస్యలకు మాత్రం అక్కడే ఉండేది, అన్నం కోసం.

"నన్ను సచ్చినోళ్లల్ల కలిపినవా అవ్వా?" అంది.

అవ్వ అక్కడే నేల మీద కూలబడింది. "పోయినోళ్లను పిలుసుడు నాకు గదొక్కటే తెలుసు బిడ్డా. బతికున్నోళ్లను ఎట్ల పిలువాల్నో నాకెవరు నేర్పలే" అని ఏడ్చింది. నేను సుగుణక్క చెయ్యి ముట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. అంత సంతోషం నాకు ఆ తర్వాత ఎప్పుడూ కలగలేదు.

సారు వచ్చి రూలు చెప్పాడు, పద్దెనిమిది నిండినవాళ్లను ఉంచుకోకూడదని. "పద్దెనిమిది నిండంగనే ఆకలి బందైతదా సారూ?" అని అవ్వ అడిగితే ఆయన ఒక్కడే స్కూటరు ఎక్కి వెళ్లిపోయాడు. సుగుణక్క మా ఇంటి ముందుగదిలోనే మిషను పెట్టుకుంది. టీచరమ్మ తన ఇంటి కర్టెన్లన్నీ ఆమె చేతే కుట్టించింది, దిష్టిబొమ్మ కోసం పెట్టిన ఖర్చు దండగైందని నవ్వుతూ. యాదగిరన్నను వెతకమని అవ్వ సారు వెంటపడింది. మూసారాంబాగ్‌లో ఒక మెకానిక్కు షెడ్డులో దొరికాడు. అవ్వ తనను మర్చిపోయి ఉంటుందనుకున్నాడట.

నా పద్దెనిమిది వచ్చినప్పుడు అవ్వ గోడ జోలికి పోలేదు. నాకు ఉద్యోగం దొరికి హాస్టల్‌కు వెళితే, ప్రతి అమావాస్యకూ బస్సెక్కి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, గేటు దగ్గర నిలబడి వీధంతా వినపడేలా నా పేరు పిలిచేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, పరిగెత్తుకుంటూ కిందికి దిగేదాన్ని. ఒక అమావాస్య మధ్యాహ్నం అలాగే పిలుపు విని దిగాను. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎవరూ రాలేదన్నాడు వాచ్‌మన్. సాయంత్రం సుగుణక్క వచ్చి చెప్పింది, అవ్వ పొద్దున్నే పోయిందని.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, ప్రహరీగోడ లేదు. తంగేడు పూలు దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో కట్టలుగా కొనుక్కోవాలి, కాకులైతే కొందామన్నా దొరకవు. హోంలు ఉన్నాయి, పద్దెనిమిదేళ్ల రూలూ ఉంది. నేను అమావాస్యకు విస్తరి వెయ్యను. డబ్బా కట్టుకుని, ఈ ఏడు హోం నుంచి బయటికొచ్చిన ఒక పిల్ల ఉండే హాస్టల్‌కు వెళతాను. మొదటిసారి గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలిస్తే ఆ పిల్ల కిందికి రాలేదు. పై అంతస్తు కిటికీలోంచి చాలాసేపు చూసి, "నన్నేనా?" అని అడిగింది.