అవ్వ తెచ్చిన చేమంతి దండ

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఆ నెలంతా ఎర్ర టోపీలూ కేకులూ. మొన్న క్రిస్మస్ ముందురోజు కూడా క్యాంటీన్‌లో కేకు కోశారు, సెల్ఫీలు దిగారు. పుట్టినరోజు ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

"ఏసు పేరే ఎత్తకుండా ఇదేం పండగప్పా?" అని సూపర్‌వైజరు మీద అరిచి, ఆ కోపంతోనే కెలమంగలం బస్సెక్కి ఇంటికొచ్చాను.

పండుగ పొద్దున పక్కింటి అవ్వ వచ్చింది. మేకలు కాచుకునే మనిషి. మా మతం కాదు. అయినా తలకు పోసుకుని, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, చేమంతి దండ కట్టి తెచ్చింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను.

"మీ సామికి దండేసినానమ్మా" అని హాల్లోంచి కేకేసింది.

వచ్చి చూద్దును కదా, పిల్లల కోసం కొన్న ప్లాస్టిక్ క్రిస్మస్ తాత మెడలో దండ! ఎదురుగా అవ్వ కళ్లు మూసుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది.

"అయ్యో, ఆయన సామి కాదవ్వా! నీకూ ఆ టోపీ ఆయనే కనబడినాడా?" అని విసుక్కున్నాను.

అవ్వ కళ్లు తెరిచి హాలంతా వెతికింది. నక్షత్రం ఉంది, చెట్టు ఉంది, రంగు దీపాలున్నాయి. పశువుల పాక కట్టి బాలయేసు బొమ్మను పడుకోబెట్టే పని మాత్రం ఈ ఏడు తీరిక లేదని నేనే మానేశాను.

"మరి మీ సామి యాడుండాడమ్మా?"

అటక మీద, పాత గుడ్డల కింద, అట్టపెట్టెలో ఉన్నాడు. స్టూలు లాగి ఎక్కి, అటక మీదికి చెయ్యి చాచాను.