నిమ్మకాయ నలగని వెనక చక్రాలు

మంచు మీద బండి నడిపే విద్యలో సింగపూరు మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. ఈ మాట చాలామందికి చెప్పాను, ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ఇక్కడ మంచు పడాలి కదా. నిజానికి నేను చూసిన మంచు మా ఫ్రిజ్ పైఅరలో పేరుకునేదే. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి, టికెట్ కొంటే అద్దె కోటు ఇచ్చి లోపలికి పంపే మంచుగదికి తీసుకెళ్లాను. అక్కడ ప్లాస్టిక్ పళ్లెం మీద కూర్చుని జారి, నడుం పట్టేసి ఇంటికొచ్చాను. నా మంచు అనుభవం అంతే.

కార్ల సంగతికొస్తే, "ఆటోమొబైల్ లైన్లో జీవితమంతా గడిపినవాణ్ణి" అంటాను. అదీ అబద్ధం కాదు. మలేషియాలో పుట్టి, పెళ్లికి ముందే పని వెతుక్కుంటూ ఇటు దిగి, ఒక స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడ్డాను. రిటైరయ్యేదాకా అక్కడే. ఇంజిన్లు విప్పినవాణ్ణి కాను. విప్పినవాళ్లు వచ్చి అడిగిన సామాను అరలోంచి తీసి ఇచ్చినవాణ్ణి.

మా అమ్మాయి, అల్లుడు జపాన్‌లో ఉత్తరపు కొసన, కొండవాలు మీద ఒక చిన్న ఊళ్లో ఉంటారు. అమ్మాయి బళ్లో ఇంగ్లీషు చెబుతుంది. అల్లుడిది గుంటూరు, కంప్యూటర్ల పని, ఇంట్లోంచే చేసుకుంటాడు. మా ఆవిడ ఉన్నంతకాలం ఫోన్లన్నీ ఆవిడకే వచ్చేవి. ఆవిడ పోయాక నాకు వస్తున్నాయి, ఆదివారానికి ఒకటి. అల్లుడు ఎత్తితే మాత్రం, "నమస్తే మామయ్యా, బాగున్నారా, ఇదిగో ఇస్తున్నా" అనేవాడు. ఆ మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో అయిపోయేవి. మంచివాడే. నాతో మాట్లాడటానికి అతనికి ఏమీ ఉండేది కాదు, అంతే.

అలాంటి మనిషి పోయిన చలికాలం, వారం మధ్యలో, తనంతట తాను ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఒక్క నిమిషం ఖాళీయేనా అండీ?"

సింగపూరులో టోవా పాయో అనే పేటలో మూడు గదుల ఫ్లాటులో ఒక్కణ్ణే ఉంటాను. నా దగ్గర ఖాళీ తప్ప ఇంకేమీ లేదు. అయినా, "ఏదో పనిలో ఉన్నాను, ఫర్వాలేదు, చెప్పండి అల్లుడుగారూ" అన్నాను. ఉతికిన లుంగీ ఆరేస్తున్నాను.

"కొత్త బండి ఇంటి ముందు ఎత్తు ఎక్కట్లేదండి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, ఎంత మంచైనా దున్నుకుపోద్ది అని చెప్పి అమ్మారు. మొదటి మంచుకే చతికిలబడింది."

కొత్త బండి అంటే వాళ్లకు కొత్త. ఆకురాలు కాలంలో ఎవరో వాడిన పెద్ద ఎస్‌యూవీ కొన్నారు.

"గాలి ఎంత ఉందో చూశారా? చలికి టైర్లలో గాలి తగ్గుతుంది" అన్నాను. ఆ మాట నాకెలా తోచిందో తెలియదు, కానీ నిజమే. వెనకనుంచి సింగపూరు ఇంగ్లీషులో అమ్మాయి గొంతు వినిపించింది.

"నాన్నా, డోంట్ యాక్ట్ ఎక్స్‌పర్ట్ లా! యూ నెవర్ ఈవెన్ సీ స్నో!"

"ఊరుకో, ఆయన కార్ల మనిషి" అన్నాడు అల్లుడు.

ఆ మాటకి ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ సాయంత్రమే కింద హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ల చావడిలో, కోపీ అనే ఇక్కడి కాఫీ పోసే ఆవిడకు, జపాన్‌లో ఒక క్లిష్టమైన కేసు నా చేతికొచ్చిందని చెప్పాను. "వా, అంకుల్ సో పవర్ ఆ!" అని మెచ్చుకుని ఆవిడ నా కోపీలో పాలు ఒక చెంచా ఎక్కువ పోసింది.

మర్నాడు మళ్లీ చేశాడు. గాలి నింపారు, లాభం లేదు. మంచుకోసం ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది, అది నొక్కమన్నాను. ఆ మరుసటి సాయంత్రం, నొక్కాం అయినా అంతే అని ఫోన్. నా దగ్గర ఉన్న విద్య అక్కడితో అయిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా, "బండికి పూజ చేయించారా?" అన్నాను.

చేయించలేదు. ఆ ఊళ్లో గుడి ఎక్కడ, పంతులు ఎక్కడ. అమ్మాయికి ఆ వెలితి మనసులో ఉందని అప్పుడు తెలిసింది. "నాన్నా, మనమే చేద్దాం, యూ జస్ట్ టెల్ మీ హౌ" అంది. ఫోన్‌లోనే చెప్పాను. పసుపు, కుంకుమ, ఒక అగరొత్తి. పచ్చ నిమ్మకాయలు దొరకలేదు, పసుప్పచ్చటి పెద్దవి దొరికాయి. నాలుగు చక్రాల ముందూ నాలుగు ఆనించి పెట్టింది. అల్లుడు ఎక్కి కూర్చున్నాడు. అమ్మాయి ఫోన్ పట్టుకుని చూపిస్తోంది. ఎత్తు మొదట్లోనే ఆగి ఉన్న బండి అది.

"పోనీయండి, నాలుగూ నలగాలి!" అని నేనిక్కడ సోఫాలోంచి లేచి నిలబడ్డాను.

ఇంజిను మూలిగింది. ముందు చక్రాలు రెండూ గిర్రున తిరిగి నిమ్మకాయల్ని లోపలికి లాక్కుని, చీల్చి, వెనక్కి విసిరికొట్టాయి. తెల్లటి మంచు మీద పసుప్పచ్చటి తొనలు. బండి ఉన్నచోటే ఉంది. అమ్మాయి వెనక్కి వెళ్లి చూపించింది. వెనక చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటికి పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెదరలేదు.

"వెనకవి నలగలేదు నాన్నా. ఈజ్ ఇట్ బ్యాడ్ లక్ ఆ?"

దీనికి 'నిమ్మకాయ పరీక్ష' అని పేరు పెట్టి, నేనే కనిపెట్టానని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాను. కనిపెట్టలేదు. కానీ చూసిన క్షణంలో జబ్బేమిటో నాకు అర్థమైంది. వెనక చక్రాలకు పవర్ వెళ్లడం లేదు. ఎందుకు వెళ్లడం లేదో కూడా తెలిసింది. తెలిశాక సోఫాలో కూలబడ్డాను.

ఇక్కడ ఒక సంగతి వెనక్కి వెళ్లి చెప్పాలి. ఆ బండి కొన్నప్పుడు, నాలుగు టైర్లూ తీసేసి చలికాలపు టైర్లు వేయించమని అక్కడి టైర్ల షాపాయన చెప్పాడట. అమ్మాయి ఆదివారం ఫోన్‌లో మాటవరసకు ఆ మాట అంది. "నాలుగెందుకు? ముందు రెండూ మార్చండి చాలు, వెనకవి ఇంకా నడుస్తాయి" అన్నాను. సింగపూరులో మా కౌంటర్ దగ్గర అందరూ చేసేది అదే. ఇక్కడి బళ్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగేవి. ముందువే త్వరగా అరుగుతాయి, అవి రెండే మారుస్తారు. ఆ అలవాటు మంచు ఊరికి ఎగుమతి చేశాను.

నాలుగు చక్రాలూ లాగే బండికి అది విషం. ముందువి కొత్తవి, నిండుగా ఉంటాయి. వెనకవి అరిగి చిన్నవై ఉంటాయి. ఒకే దూరానికి వెనకవి ఎక్కువసార్లు తిరగాలి. వెనక్కి పవర్ అందించే భాగం ఆ తేడాతో నిరంతరం రాపిడిపడి, వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి పని మానేస్తుంది. అలా కాలిపోయిన భాగం ఒకటి ఒకప్పుడు మా కౌంటర్ మీదకు వచ్చింది. మెకానిక్ తిట్టుకుంటూ చెప్పిన కారణం నేను చెవులారా విన్నాను, సలహా ఇచ్చేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. పైగా వెనకున్నవి మంచు టైర్లు కానే కావు. వాటి రబ్బరు చలికి గట్టిపడి చెక్కలా ఉంటుంది.

"మామయ్యా, ఏమంటారు?" అని అల్లుడు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఆలోచించాలి. రేపు చెబుతాను" అన్నాను.

తప్పు నాదని బయటపడుతుందని భయం ఒకటి. అది చిన్న భయం. చెప్పేస్తే ఈ ఫోన్లు ఆగిపోతాయి, అది పెద్దది.

తర్వాత రోజుల్లో నేను ఇచ్చిన సలహాలు తలచుకుంటే ఇప్పుడు చెవులు మండుతాయి. డిక్కీలో ఇసుక బస్తాలు వేయమన్నాను. బ్యాటరీ తీగ విప్పి మళ్లీ బిగించమన్నాను. రివర్సులో ఎక్కించి చూడమన్నాను. ప్రతిదానికీ మర్నాడు సాయంత్రం ఒక జవాబు వచ్చేది. మధ్యాహ్నమే అన్నం వండేసుకుని, గడ్డం గీసుకుని, వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. హాకర్ సెంటర్లో జనం చోటు ఆపుకోవడానికి బల్ల మీద టిష్యూ పొట్లం పెడతారు, చోప్ చేయడం అంటారు. నేను ఎదుటి కుర్చీకి కూడా ఒక పొట్లం పెట్టేవాణ్ణి. ఎవరో వస్తారని కాదు. ఆ రోజుల్లో వస్తారేమో అన్నట్టు ఉండేది.

బండి మాటలు అయిపోయాక అతను వేరే మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్లో తనతో తెలుగు మాట్లాడే మరో మనిషి లేడట. జపనీసు సగమే అర్థమై, అర్థమైనట్టు నవ్వీ నవ్వీ దవడలు నొప్పిపెడతాయట. ఒకరోజు, "మా నాన్నకి ఇలాంటివి తెలియవండి. మీరున్నారని ధైర్యం" అన్నాడు. ఆ పూట చెప్పేద్దామని నోరు తెరిచాను. "రాత్రికి ఏం వండుకున్నారు?" అని అడిగాను.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగింది. అది అతను చేసే వేళ కాదు.

"మామయ్యా, తనకేం కాలేదండి. ముందు అది వినండి."

నేను వింటున్నాను.

"స్కూలుకెళ్తుంటే దిగుడు మలుపులో బ్రేకు వేసిందంట. వెనక భాగం పక్కకి జారిపోయి, బండి మొత్తం అడ్డం తిరిగి మంచుకుప్పలో దిగబడింది. ఎదురుగా లారీ వస్తోందంట. డ్రైవరు ఆపగలిగాడు కాబట్టి..."

వెనక అమ్మాయి ఏడుపు లేదు, మాట లేదు. ఎప్పుడూ వాగే పిల్ల.

"అల్లుడుగారూ, ఆ బండి ఇక ముట్టుకోకండి. ఇద్దరూ" అన్నాను. "జబ్బేమిటో నాకు తెలుసు. నిమ్మకాయల రోజే తెలుసు."

టైర్ల సంగతి మొత్తం చెప్పాను. ముందు రెండే మార్చమన్నది నేనేనని కూడా.

"షాపాయన చేతులడ్డం పెట్టి మరీ చెప్పాడండి, రెండు చాలవని" అన్నాడు అల్లుడు. "మా మామయ్య కార్ల మనిషి అని నేనే పట్టుబట్టాను."

"తప్పు నాదే."

"పొరపాటు ఎవరైనా చేస్తారండి. తెలిశాక ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర మంచి మంచి అబద్ధాలు ఉన్నాయి. ఖాయం చేసుకుందామని ఆగాను అనొచ్చు. ముసలి బుర్ర, మరిచిపోయాను అనొచ్చు. ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చెబితే మీరు మళ్లీ ఫోన్ చేయరని."

"సరే మామయ్యా. టైర్ల షాపుకి ఫోన్ చేయాలి, ఉంటాను" అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

నాలుగూ ఒకే రకం మంచు టైర్లు వేయించారు. వెనక్కి పవర్ పంపే భాగంలో మాడిపోయిన నూనె మార్పించారు. కంప్యూటరు పెట్టి దాన్ని మేల్కొలిపారట. ఇదంతా అమ్మాయి పంపిన మెసేజీ వల్ల తెలిసింది. దానితోపాటు చిన్న వీడియో. తెల్లటి ఎత్తు మీద ఆ నల్లటి బండి ఆగకుండా, తొట్రుపడకుండా, గుడికి మెట్లెక్కే పెద్దమనిషిలా నిదానంగా పైకి పోయింది. చాలాసార్లు చూశాను. బండి నడుపుతున్నది అతనే, కానీ అద్దం మీద వెలుగు పడి ముఖం కనిపించలేదు.

ఆ ఆదివారం అమ్మాయి ఒక్కతే మాట్లాడింది. "హీ'ల్ బి ఓకే లా నాన్నా. గివ్ హిమ్ టైమ్" అంది. సాయంత్రాలు మళ్లీ పాత సాయంత్రాలయ్యాయి. "సన్ ఇన్ లా కేస్ హౌ, అంకుల్?" అని కోపీ ఆవిడ అడిగింది. సాల్వ్ చేసేశానన్నాను. ఇంకా వివరంగా చెబుదామనుకున్నాను గానీ నోరు రాలేదు.

కొన్నాళ్లు చూశాను. ఫోన్ చేయడానికి ఒక సాకు కావాలి అనుకున్నాను. అద్దం తుడిచే నీళ్లు గడ్డకట్టకుండా ఏం కలపాలో చెబుదామని ఒక సాకు కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా నంబరు నొక్కాక, అది అక్కర్లేదనిపించింది.

అతనే ఎత్తాడు. వెంటనే, "బండి బాగానే ఉందండి" అన్నాడు.

"బండి కోసం చేయలేదు అల్లుడుగారూ."

"తను బాత్రూంలో ఉంది, పిలవనా?"

"వద్దు. ఊరికే చేశాను."

కార్లు పక్కన పెడితే మా ఇద్దరికీ ఉన్న మాటలు ఎన్నని. పెట్టేస్తాడనుకున్నాను. ఏదో ఇనుము నేలను గీకుతున్నట్టు చప్పుడు, కాస్త ఆగి మళ్లీ అదే చప్పుడు వినిపించింది. గుమ్మం ముందు పారతో మంచు తోస్తున్నాడని కాసేపటికి అర్థమైంది. ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నాడు. గీకుడు, ఆగి ఊపిరి, మళ్లీ గీకుడు. ఇక్కడ ఫ్యాను తిరుగుతోంది, చెమట పడుతోంది, నేను వింటూ కూర్చున్నాను.

మరిచిపోయాడేమో అని సందేహం వచ్చింది. "అల్లుడుగారూ?" అన్నాను.

"ఉన్నానండి" అన్నాడు. పార మళ్లీ గీకింది.